పిల్లల పక్కన కూర్చుని టీవీ చూడడం ఎలా

విశాఖపట్నం కంచరపాలెంలో మా ఇంటి ముందుగదిలో ఇరవై రెండేళ్ళుగా ఇరుగుపొరుగు పిల్లలను చూసుకుంటున్నాను. బడి వదిలాక మూడున్నరకు వస్తారు. తండ్రికి స్టీలు ప్లాంటులో బి షిఫ్టు (మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా), తల్లికి జగదాంబ దగ్గర బట్టల దుకాణంలో పని అయితే ఆ బిడ్డ రాత్రి ఎనిమిది దాకా నా దగ్గరే. ఇప్పుడు పదకొండు మంది ఉన్నారు. అందరికంటే చిన్నదానికి మూడున్నరేళ్ళు, పెద్దవాడికి ఎనిమిది. అందరికీ నేను మామ్మనే.

టీవీ లేకుండా గడపాలని రెండుసార్లు ప్రయత్నించాను. ఇక్కడ ఆపేస్తే ఇంటికి వెళ్ళి చూశారు. ఏం చూశారో నాకు తెలియకుండా పోయింది, అంతకుమించి జరిగింది ఏమీ లేదు. అందుకే పెట్టె కట్టేయమని నేను ఏ తల్లికీ చెప్పను. పక్కన కూర్చోమని చెబుతాను. ఎలా కూర్చోవాలన్నదే ఇక్కడ రాస్తున్నాను.

నా పద్ధతికి కారణం ఒక పాప. నాలుగున్నరేళ్ళది, గట్టిగా మాట్లాడడం కూడా తెలియనిది. ఒక సాయంత్రం తనకంటే చిన్నవాడిని గోడవైపు నెట్టి, "నువ్వు మా జట్టులో లేవు, వెళ్ళిపో" అంది. ఆమె వెనక మరో ముగ్గురు చేతులు కట్టుకుని వరసగా నిలబడ్డారు. ఆ నిలబడిన తీరు చూస్తే నాకు గుర్తొచ్చింది. గంట క్రితం చూసిన కార్టూనులో స్నేహితులందరూ అచ్చం అలాగే నిలబడి ఒకడిని వెలివేశారు. ఆ కథ స్నేహం గొప్పదని చెప్పడానికే తీశారు. ఆఖరున అందరూ తప్పు ఒప్పుకుని వాడిని కలుపుకుంటారు. "చివర్లో ఏమైందమ్మా?" అని పాపను అడిగాను. కాసేపు ఆలోచించి, "అందరూ లడ్డూలు తిన్నారు మామ్మా" అంది.

మర్నాడు అదే కథ మళ్ళీ వచ్చింది. గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. పదకొండు నిమిషాల కథలో వెలివేయడం, ఏడిపించడం, వాడు ఒంటరిగా తిరగడం కలిపి ఎనిమిది నిమిషాలు దాటింది. క్షమాపణ నలభై సెకన్లు. తీసినవాళ్ళ దృష్టిలో ఆ నలభై సెకన్లే కథ. నాలుగేళ్ళ పిల్ల దృష్టిలో ఆ ఎనిమిది నిమిషాలే కథ.

పిల్లలను శాస్త్రీయంగా పరిశీలించినవాళ్ళు కూడా ఇదే గమనించారని తరవాత చదివి తెలుసుకున్నాను. 2006లో అమెరికాలో ఆస్ట్రోవ్, జెంటైల్, క్రిక్ అనే ముగ్గురు పరిశోధకులు, చదువు నేర్పే మంచి కార్యక్రమాలు ఎక్కువగా చూసే చిన్నపిల్లల్లో కూడా తోటివారిని జట్టులోంచి తోసేయడం, స్నేహం చేయనని బెదిరించడం కనిపించిందని రాశారు. గొడవ చాలాసేపు నడుస్తుంది, సర్దుబాటు చిటికెలో అయిపోతుంది, ఆ రెండింటినీ కలిపి చూసే శక్తి ఆ వయసుకు ఇంకా రాదు అన్నది వాళ్ళు చూపిన ఒక కారణం. 2008లో మేరీ లూయీస్ మేర్స్ అనే ఆమె తన సహచరితో కలిసి మరో పరిశోధన చేసింది. క్లిఫర్డ్ అనే పెద్ద ఎర్ర కుక్క కార్టూనులో, మూడు కాళ్ళ కుక్కను చూసి మిగతా కుక్కలు భయపడి, చివరికి స్నేహం చేసే కథను పిల్లలకు చూపించారు. వైకల్యం ఉన్నవాళ్ళను మనలో ఒకరిగా చూడాలన్నది అందులోని నీతి. చాలామంది పిల్లలకు ఆ మాట చేరలేదు. కొందరికి అది మూడు కాళ్ళ కుక్కలతో మంచిగా ఉండాలన్న కథ మాత్రమే. కుక్క దగ్గర మొదలైన మాట మనిషి దాకా రాలేదు. దాన్ని మనిషి దాకా తీసుకురావడం మన పని.

గడియారం, నోటుపుస్తకం

ముందుగా, మీ బిడ్డకు బాగా ఇష్టమైన కార్యక్రమం ఒకటి మొదటి నుంచి చివరి దాకా మీరు చూడండి. వంటింట్లోంచి తొంగి చూడడం సరిపోదు. చేతిలో ఒక నోటుపుస్తకం పెట్టుకుని మూడే విషయాలు రాయండి. గొడవ ఎన్ని నిమిషాలు, సర్దుబాటు ఎన్ని నిమిషాలు? కష్టం వచ్చినప్పుడు కథానాయకుడు మొదట చేసే పని ఏమిటి? కొట్టడమా, పారిపోవడమా, ఎవరినైనా అడగడమా? ఎవరిని చూసి నవ్వారు?

ఇలా నాలుగు కథలు రాస్తే చాలు, ఆ కార్యక్రమం స్వభావం బయటపడుతుంది. పేరును బట్టి గానీ, బొమ్మల ముద్దుతనాన్ని బట్టి గానీ అది తెలియదు. నా పుస్తకంలో పోట్లాటలు ఎక్కువ ఉంటాయనుకున్న కార్యక్రమం ఒకటి మంచిదిగా తేలింది. రంగురంగుల పూలతో, చిట్టి జంతువులతో ఉన్న మరొకటి పేజీ పొడుగునా ఎగతాళే.

పిల్లవాడి కళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో కూడా చూడండి. 1969 నవంబరులో అమెరికాలో 'సెసమీ స్ట్రీట్' అనే పిల్లల టీవీ కార్యక్రమం మొదలయ్యే ముందు, ఎడ్వర్డ్ పామర్ అనే పరిశోధకుడు పిల్లల ముందు కార్యక్రమం పెట్టి, పక్కనే మరో తెర మీద బొమ్మలు మారుతూ ఉండే ఏర్పాటు చేశాడు. పిల్లలు ఎప్పుడు పక్కకు చూశారో రాసుకుని, అక్కడ కథను సరిచేసేవారు. నేను పక్క తెర బదులు ఒక బొమ్మల పుస్తకం తెరిచి పెడతాను. సర్దుబాటు మాటలు వస్తున్నప్పుడు ఎంతమంది పుస్తకం వైపు తిరుగుతారో లెక్కపెడతాను. మొదటిసారి పదకొండు మందిలో ఎనిమిది మంది తిరిగారు. ఆ పాపకు లడ్డూలే గుర్తుండడంలో వింత లేదని అప్పుడు తెలిసింది.

మధ్యలో ఆపండి, కానీ పాఠం చెప్పకండి

రికార్డు చేసుకునే సెట్‌టాప్ బాక్సు ఉన్నా, ఫోనులో పెట్టి చూపించినా, ఒక కథలో రెండుసార్లు ఆపవచ్చు. అంతకంటే ఎక్కువ ఆపితే పిల్లలు విసుక్కుంటారు, అది న్యాయమే. మామూలు ప్రసారమైతే ప్రకటనల వేళ శబ్దం ఆపేసి అడగండి.

అడగవలసింది, "అది తప్పు కదా?" అని కాదు. ఆ ప్రశ్నకు ప్రతి బిడ్డా "అవును" అంటుంది, అక్కడితో ఆలోచన ఆగిపోతుంది. "వాడి ముఖం చూడు, ఇప్పుడు వాడికి ఎలా ఉండి ఉంటుంది?" అనండి. మూడేళ్ళ వాళ్ళకు ఇది చాలు. ఐదేళ్ళ వాళ్ళను, "నువ్వు అక్కడ ఉంటే ఎవరి పక్కన నిలబడతావు?" అని అడగవచ్చు. ఏడెనిమిదేళ్ళ వాళ్ళకు, "ఈ కథ రాసినవాళ్ళు దీన్ని ఇక్కడ ఎందుకు పెట్టారు?" అన్న ప్రశ్న చాలా ఇష్టం. కథ వెనక ఒక మనిషి ఉన్నాడని తెలిసిన రోజు వాళ్ళ చూపే మారుతుంది.

వచ్చిన జవాబు మీకు నచ్చకపోవచ్చు. "కొట్టినవాడి పక్కన నిలబడతాను" అన్నాడు ఒకడు. ఎందుకు నాన్నా అంటే, "లేకపోతే నన్నూ కొడతారు" అన్నాడు. ఆ మాట కార్టూను గురించి కాదు. వాడి బడి బస్సులో ఏదో జరుగుతోందని అప్పుడు తెలిసింది. వాళ్ళ అమ్మకు చెప్పాను. నేను దిద్దడానికి తొందరపడి ఉంటే ఆ సంగతి బయటికి వచ్చేదే కాదు.

చివరను సాగదీయండి

నాకు అన్నిటికంటే నమ్మకమైన ఉపాయం ఇది. టీవీ కట్టేశాక, కథలోని ఆఖరి నలభై సెకన్లను పిల్లల చేత పది నిమిషాల ఆటగా ఆడించాలి.

ఆ వెలివేసిన కథనే తీసుకుందాం. తెర మీద "క్షమించు మిత్రమా" అన్నారు, లడ్డూలు వచ్చాయి, అయిపోయింది. మా గదిలో అలా కుదరదు. వెలివేసినవాడు ముందు నడిచి వెళ్ళాలి. ఎంత దూరం? గోడ దాకా. అవతలివాడు వెంటనే తిరగడు, ముఖం తిప్పుకునే ఉంటాడు. ఇప్పుడు ఏమంటావు? ఒకడు "సారీ" అన్నాడు. అవతలివాడు "ఊఁహూఁ" అన్నాడు. ఇంకేమంటావు? "నా బంతి ఇస్తాను." "వద్దు." చివరికి వాడు ఏమీ అనకుండా వెళ్ళి గోడకు ఆనుకుని పక్కన కూర్చున్నాడు. రెండో వాడు కాస్త జరిగి చోటిచ్చాడు. ఆ కూర్చోవడం ఏ కార్టూనులోనూ లేదు, వాళ్ళకు వాళ్ళే కనిపెట్టుకున్నారు.

పాత్రలు తప్పకుండా మార్చండి. నెట్టిన పిల్ల ఒకసారి నెట్టబడాలి. హైదరాబాదులో గ్రీన్ గోల్డ్ సంస్థ తయారుచేసే ఛోటా భీమ్ కార్టూను 2008 నుంచి వస్తోంది. మా దగ్గర ఏ తరం పిల్లలైనా అదే ఆడతారు. లడ్డూ తింటే భీముడికి బలం వస్తుంది కాబట్టి భీముడి వేషానికి పోటీ, లడ్డూ ఇచ్చే పాత్ర ఎప్పుడూ ఆడపిల్లలకే. అందుకని నేను ఒక నియమం పెట్టాను. మంగళవారం, శుక్రవారం ఆడపిల్లలు భీములు, మగపిల్లలు లడ్డూలు తెచ్చేవాళ్ళు. మొదట మగపిల్లలు అలిగారు. లడ్డూల బదులు నిజం సున్నుండలు పెట్టి, పంచే పని వాళ్ళకే ఇచ్చేసరికి ఆ పాత్రకూ పోటీ మొదలైంది.

ఒకే కథను మళ్ళీ మళ్ళీ చూస్తామంటే కోప్పడకండి. 'బ్లూస్ క్లూస్' అనే పిల్లల కార్యక్రమం మీద 1999లో వచ్చిన పరిశోధనలో, ఒకే భాగాన్ని ఐదుసార్లు చూసిన పిల్లలకు అది బాగా అర్థమైందనీ, తెరతో పాటు జవాబులు చెప్పడం పెరిగిందనీ తేలింది. మీ నోటుపుస్తకంలో మంచిదని తేలిన కథను పదిసార్లు చూడనివ్వండి. కొత్తది ఒకటి వెతికి పెట్టాలన్న ఆరాటం మనదే, వాళ్ళది కాదు.

ఎవరిని చూసి నవ్వారు

దీన్ని నేను ఎప్పుడూ వదలను. లావుగా ఉన్నవాడు పడితే నవ్వు, నల్లగా ఉన్నవాడు దొంగ, నత్తిగా మాట్లాడేవాడు తెలివితక్కువవాడు. ఇలాంటివి ఏడాది పొడుగునా చూసిన పిల్లవాడు బడిలో లావుపాటి పిల్లను కార్టూను పేరుతో పిలుస్తాడు. మా దగ్గరికి వచ్చే పాప ఒకర్తె, అలా పిలిపించుకుని, వారం రోజులు మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవకుండా తెచ్చింది. అటువంటి దృశ్యం వచ్చినప్పుడు నేను నవ్వను. అంతే. పిల్లలు నవ్వే ముందు పెద్దవాళ్ళ ముఖం చూస్తారు. మీరు నవ్వారా లేదా అన్నది వాళ్ళు తప్పకుండా గమనిస్తారు.

తెర మీది వీరుణ్ణి బీచికి తీసుకువెళ్ళడం

పిల్లల కార్యక్రమాల్లో ఎక్కువ భాగం ఒక్క వీరుడి చుట్టూ తిరుగుతాయి. మిగతావాళ్ళు కేకలు వేయడానికీ, చప్పట్లు కొట్టడానికీ ఉంటారు. పని అంటే ఒక్కడే చేసేదన్న ఊహ పిల్లల్లో అలా నాటుకుంటుంది. దీనికి విరుగుడు మన ఊళ్ళోనే ఉంది.

ఒకసారి సముద్రగర్భంలో ఒక్క పిల్లవాడు జలాంతర్గామి నడిపే కథ చూసి, మా వాళ్ళు వారం రోజులు మంచం కింద దూరి అదే ఆట ఆడారు. ఎవరూ రెండో పాత్రకు ఒప్పుకోలేదు. అందరూ కెప్టెన్లే. ఆ ఆదివారం నలుగురు తల్లులను వెంటబెట్టుకుని ఆర్కే బీచిలో ఉన్న కుర్సురా జలాంతర్గామికి తీసుకువెళ్ళాను. అది 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి అక్కడ ప్రదర్శనశాలగా ఉంది. లోపల ఇరుకు దారి, గోడ పొడుగునా గొట్టాలు, చక్రాలు, మీటలు, ఒకదాని మీద ఒకటిగా పడకలు. "ఇన్ని చక్రాలు ఒక్కడే ఎలా తిప్పుతాడు?" అని ఆరేళ్ళవాడు అడిగాడు. నేను జవాబు చెప్పకుండా, "ఎంతమంది కావాలో నువ్వే చూడు" అన్నాను. వాడు ప్రతి చక్రం దగ్గరా ఆగి వేళ్ళు మడుస్తూ నడిచాడు. రెండు చేతుల వేళ్ళూ అయిపోయాక మా చేతుల వేళ్ళు అడిగాడు.

మర్నాడు మంచం కింద ఆటలో వంటవాడు వచ్చాడు. నిద్రపోయేవాడు కూడా వచ్చాడు, ఎందుకంటే వాడికి రాత్రి షిఫ్టు. వాళ్ళ నాన్నల షిఫ్టులు కార్టూనులోకి అలా ప్రవేశించాయి.

మీకు దగ్గరలో ఏది ఉంటే అది. చేపల కథ చూస్తే ఫిషింగ్ హార్బరుకు తెల్లవారుజామున వెళ్ళండి, వల లాగేది ఎంతమందో లెక్కపెట్టమనండి. రైలు కథ చూస్తే దగ్గరలోని రైలు గేటు దగ్గర నిలబడినా చాలు. చూసిన రోజునే వెళ్ళనక్కరలేదు, కానీ వారం దాటనివ్వకండి.

ప్రకటనలు

ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లల్లో చాలామందికి ప్రకటన అంటే అమ్మకానికి చెప్పే మాట అని తెలియదు. మరీ చిన్నవాళ్ళు అది కూడా కథలో భాగమే అనుకుంటారు. చిప్స్, శీతల పానీయాల వంటి చిరుతిండ్ల ప్రకటనలను పిల్లల కార్యక్రమాల మధ్య గానీ, పిల్లల ఛానెళ్ళలో గానీ వేయకూడదని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. మీకు అలాంటిది కనిపిస్తే తారీఖు, సమయం రాసుకుని ఫిర్యాదు చేయండి. ఆ హక్కు మనకు ఉంది, వాడుకోవాలి.

ఇంట్లో చేయదగ్గది మరొకటి. ప్రకటనలో చూసి బాగా అడుగుతున్న పొట్లం ఒక్కటి కొనండి. పిల్లల ముందే కత్తిరించి, ఉన్నదంతా ఒక పళ్ళెంలో పోయండి. బొమ్మలో ఉన్నంత ఉందా అని అడగండి. ఆ తరవాత అదే డబ్బుతో రైతు బజారులో ఎన్ని జామకాయలు వస్తాయో వాళ్ళ చేతనే కొనిపించండి. మా పిల్లలు పళ్ళెంలోకి చూసి చాలాసేపు మాట్లాడలేదు. మళ్ళీ అడగలేదని చెప్పను, అడిగారు. కానీ అప్పటినుంచి, "అందులో సగం గాలే మామ్మా" అని ఒకరికొకరు చెప్పుకుంటారు.

ఎంతసేపు, ఎవరి టీవీ

రెండేళ్ళ లోపు బిడ్డకు తెర వద్దు. రెండు నుంచి ఐదేళ్ళ దాకా రోజుకు గంటకు మించకూడదు, ఐదు నుంచి పదేళ్ళ దాకా రెండు గంటల లోపు ఉండాలి అని భారతీయ శిశు వైద్యుల సంఘం చెబుతోంది. నేను ఆ లెక్కే పాటిస్తాను. అయితే గంటలు తగ్గించడం కుదరనివాళ్ళు నిరాశపడనక్కరలేదు. అమెరికాలోని సియాటిల్‌లో 565 కుటుంబాలతో చేసి, 2013లో ప్రచురించిన పరిశోధనలో, చూసే సమయం తగ్గించమని అడగకుండా, కొట్లాటల కార్యక్రమాల బదులు మంచి నడవడి చూపించేవి పెట్టమన్నారు. ఆరు నెలలకే పిల్లల ప్రవర్తనలో మెరుగు కనిపించింది.

పిల్లల కార్యక్రమాల గురించి ఇంత ఆలోచించి, ఆ తరవాత వచ్చే మన సీరియల్ సంగతి మరిచిపోతాం. నేలమీద బొమ్మలతో ఆడుకునే మూడేళ్ళ బిడ్డ వినడం లేదనుకుంటాం. వింటుంది. వెనక టీవీ నడుస్తుంటే చిన్నపిల్లలు ఒక బొమ్మతో ఆడే సమయం తగ్గుతుందనీ, తల్లిదండ్రులు బిడ్డతో మాట్లాడే మాటలూ తగ్గుతాయనీ పరిశోధనల్లో తేలింది. మా దగ్గర ఒక పిల్ల బొమ్మకు అన్నం పెడుతూ, "ఇందులో ఏం కలిపానో నీకు తెలియదు" అంది. అది పిల్లల ఛానెల్లో వచ్చిన మాట కాదు. చూసేవాళ్ళు లేని టీవీని కట్టేయండి. సీరియల్ పిల్లలు పడుకున్నాక చూడండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరిని ముంచెత్తినప్పుడు, మా వీధికి పది రోజులు కరెంటు రాలేదు. మొదటి రెండు రోజులు పిల్లలు నల్లటి తెర ముందే కూర్చుని, గుర్తున్న కార్టూన్లను ఒకరికొకరు చెప్పుకున్నారు. మూడో రోజు విరిగిన కొమ్మలతో ఆట మొదలైంది. నేను కోతికొమ్మచ్చి ఆడతారనుకున్నాను. వాళ్ళు ఆడింది నీళ్ళ ట్యాంకరు ఆట. వరసలో బిందెలు, ఎవరు ముందు అన్న తగువు, పెద్దవాళ్ళ తిట్లు, అన్నీ పొల్లుపోకుండా. అందులోనే ఒక పిల్ల తన డబ్బాలోని నీళ్ళు సగం వంచి, వరస చివర నిలబడిన "ముసలమ్మ"కు ఇచ్చింది. ముందురోజు ట్యాంకరు దగ్గర వాళ్ళ అమ్మ అలా ఇవ్వడం నేను చూశాను.

కూర్చోవడానికి వీలుకాని రోజులు ఉంటాయి. సి షిఫ్టు చేసి వచ్చిన తండ్రి పగలు నిద్రపోవాలి, పిల్లవాడు నిశ్శబ్దంగా ఉండాలి, టీవీ తప్ప దారి లేదు. అలాంటి రోజున మీ నోటుపుస్తకంలో మంచివని తేలిన కథలే ముందు రాత్రి ఎంచి పెట్టండి. సాయంత్రం అన్నం కలిపి ముద్ద నోట్లో పెడుతూ, "ఇవాళ్టి కథలో ఎవరికి బాధ కలిగింది? తరవాత వాళ్ళ దగ్గరికి ఎవరు వెళ్ళారు?" అని అడగండి. "ఎవరూ వెళ్ళలేదు" అంటే, "మనం వెళ్దామా?" అని కంచం పక్కన పెట్టి లేవండి. అన్నం చల్లారితే చల్లారుతుంది.